30 వేలుంటే డ్యూయల్ క్రౌన్ ఫోర్క్ కొనాలా? విశాఖ కొండలు దిగాలనుకునే తమ్ముడికి నా సమాధానం

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నీ దగ్గర 27.5 అంగుళాల చక్రాల హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేని సైకిల్) ఉంది. ముందు 100 మి.మీ. నొక్కుకునే స్ప్రింగ్ ఫోర్క్, రెండు వైపులా కేబుల్ డిస్క్ బ్రేకులు, ముందు 3 వెనక 7 గేర్లు. చేతిలో 30 వేలున్నాయి. సెకండ్ హ్యాండ్‌లో 200 మి.మీ. డ్యూయల్ క్రౌన్ ఫోర్క్ (ఫ్రేము ముందు గొట్టానికి కిందా పైనా రెండు చోట్ల కాళ్లను బిగించే డౌన్‌హిల్ ఫోర్కు) 18 వేలకు వస్తోంది, అది బిగించుకుంటే మధురవాడ వెనక కొండల్లో, యారాడ వైపు డౌన్‌హిల్ చెయ్యొచ్చా అని అడిగావు.

వద్దు. అడ్వాన్సు కూడా పంపకు. ఎందుకు వద్దో, ఆ డబ్బు ఎక్కడ పెడితే నీకు పనికొస్తుందో వివరంగా చెప్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

డ్యూయల్ క్రౌన్ ఫోర్కులో చాలామంది మోసపోయే విషయం ఒకటుంది. అది నీ ఫ్రేములో దూరుతుంది. రాక్‌షాక్స్ బాక్సర్, ఫాక్స్ 40 లాంటి అసలైన డౌన్‌హిల్ ఫోర్కుల స్టీరర్ (ఫ్రేములోకి దూరే పై గొట్టం) నేరుగా, పైనుంచి కింద దాకా ఒకే లావులో, 1 1/8 అంగుళం సైజులోనే ఉంటుంది. నీ ఫ్రేమూ అదే సైజు. అందుకే మెకానిక్ అరగంటలో బిగించేస్తాడు, చూడ్డానికి భలేగా ఉంటుంది. కానీ దూరడం వేరు, మోయడం వేరు. 100 మి.మీ. ఫోర్కు స్థానంలో 200 మి.మీ. ఫోర్కు పెడితే ముందు భాగం సుమారు 10 సెం.మీ. లేస్తుంది. ఫోర్కు 10 మి.మీ. పెరిగితే హెడ్ యాంగిల్ (ఫోర్కు వాలు కోణం) దాదాపు అర డిగ్రీ పడుకుంటుంది. ఆ లెక్కన నీ సైకిల్ 5 డిగ్రీలు వెనక్కి వాలిపోతుంది. పెడల్ ఇరుసు పైకి లేస్తుంది, సీటు ముక్కు ఆకాశం చూస్తుంది, ఎక్కేటప్పుడు ముందు చక్రం నేల మీద నిలవదు.

అది అసౌకర్యం మాత్రమే. అసలు ప్రమాదం హెడ్ ట్యూబ్ (ఫోర్కు దూరే ఫ్రేము ముందు గొట్టం) దగ్గర ఉంది. ఫోర్కు ఒక పొడుగు గునపం లాంటిది. కింద రాయి కొట్టిన దెబ్బ పైన వెల్డింగు దగ్గర ఎన్నో రెట్లయి తగులుతుంది. గునపం ఎంత పొడుగైతే దెబ్బ అంత పెద్దది. పైగా డ్యూయల్ క్రౌన్ ఏమాత్రం వంగదు, ఆ బలమంతా ఫ్రేము మీదికే పంపుతుంది. నీ ఫ్రేము కట్టినవాళ్లు 100 మి.మీ. ఫోర్కుకు లెక్కేసి ఆ అల్యూమినియం గొట్టం మందం ఎంచుకున్నారు. అల్యూమినియం ఇనుములా ముందు వంగి హెచ్చరించదు. లోపల పగులు పాకి, ఒకరోజు ఒక్కసారిగా వదిలేస్తుంది. హెడ్ ట్యూబ్ ఊడితే చేతిలో హ్యాండిల్ ఉంటుంది, దానికి సైకిల్ ఉండదు.

సైకిల్‌తో వచ్చిన పుస్తకం ఉంటే తీసి చూడు. ఫ్రేము ఎలాంటి వాడకానికి తయారైందో చాలా కంపెనీలు 'కండిషన్' అనే అంకెతో రాస్తాయి. ఏఎస్‌టీఎం ఎఫ్2043 అనే వర్గీకరణ అది. మామూలు హార్డ్‌టెయిళ్లు ఎక్కువగా 2 లేదా 3 దగ్గర ఆగుతాయి. డౌన్‌హిల్ పోటీల సైకిళ్లది 5. నీ సైకిల్ 3 అయితే రాళ్ల దారి, చిన్న చిన్న గెంతులు, జీడితోటల మధ్య కాలిబాటలు, ఇవన్నీ నిశ్చింతగా చెయ్యొచ్చు. 2 అయితే మట్టిరోడ్డు, గ్రావెల్ బాటల వరకే, చక్రాలు నేల వదలకూడదు. ఎత్తు నుంచి దూకడం రెంటికీ పనికిరాదు.

ఇంకా ఖర్చుంది. ఆ ఫోర్కుకు 20 మి.మీ. లావు ఇరుసు కావాలి. నీ ముందు చక్రం 9 మి.మీ. క్విక్ రిలీజ్‌ది (చిన్న లీవర్‌తో విప్పే సన్న ఇరుసు), పట్టదు. కొత్త హబ్బు, కొత్తగా అల్లిన చక్రం, పెద్ద డిస్కు, దానికి తగిన కాలిపర్ (ప్యాడ్లతో డిస్కును నొక్కే భాగం) కొనాలి. 18 వేలు అనుకున్నది 30 దాటుతుంది. అప్పటికి నీ బ్రేకులు అవే కేబుల్ బ్రేకులు, టైర్లు అవే అరిగిన టైర్లు.

నేనూ అదే తప్పు చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. 2013లో జీతం దాచుకుని మంచి గాలి ఫోర్కు కొన్నాను. బ్రేకులు తర్వాత చూద్దామనుకున్నాను. ఒక సాయంత్రం యారాడ ఘాట్ దిగుతూ భయంతో రెండు లీవర్లూ పైనుంచీ పట్టుకునే వచ్చాను. మూడో మలుపు దగ్గర ముందు లీవర్ హ్యాండిల్‌కి ఆనిపోయింది, ప్యాడ్లు కాలిన వాసన వచ్చింది, బండి ఆగలేదు. ఎదురుగా ఆటో. కొండ వైపు కాలువలోకి తిప్పేశాను. కాలర్ బోన్ విరిగింది, ఆరు వారాలు చెయ్యి మెడకు కట్టుకుని తిరిగాను. ఫోర్కుకు గీత కూడా పడలేదు.

అందుకే ముందు బ్రేకుల సంగతి చెప్తాను. కైలాసగిరి ఎత్తు దాదాపు 170 మీటర్లు. నువ్వు 70 కిలోలు, సైకిల్ 14 కిలోలు అనుకుందాం. పైనుంచి బీచ్ రోడ్డు దాకా దిగేసరికి సుమారు 1 లక్ష 40 వేల జౌళ్ల శక్తి ఎటో ఒకవైపు పోవాలి. వేగంగా దిగితే గాలి చాలా భాగం తీసుకుంటుంది. బ్రేకు పట్టుకుని మెల్లగా దిగితే దాదాపు మొత్తం వేడిగా మారి డిస్కుల్లోకి వెళ్తుంది. ఆ వేడి అర లీటరు నీళ్లను మరిగే దాకా తీసుకురాగలదు. నీ డిస్కు బరువు 100 గ్రాములకు కాస్త అటూ ఇటూ. ఇప్పుడు ఆలోచించు, అంత చిన్న రేకు ఆ వేడిని ఎంతసేపు మోస్తుంది?

ఈ ఆట పుట్టుకలోనే ఈ సమస్య ఉంది. 1976 అక్టోబర్ 21న కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ దగ్గర కుర్రాళ్లు పాత బరువైన సైకిళ్ల మీద కొండ దిగే పందెం పెట్టుకున్నారు. రెండు మైళ్ల లోపు దూరంలో 1,300 అడుగులు దిగాలి. వాళ్లవి పెడల్ వెనక్కి తొక్కితే పట్టే కోస్టర్ బ్రేకులు. ఒక్కసారి దిగేసరికి హబ్బులో గ్రీజు మరిగి పొగైపోయేది, మళ్లీ విప్పి గ్రీజు నింపాల్సి వచ్చేది. గ్రీజు మళ్లీ నింపడాన్ని ఇంగ్లీషులో 'రీప్యాక్' అంటారు. అందుకే ఆ దారికి రీప్యాక్ అనే పేరు పడింది. గ్యారీ ఫిషర్, జో బ్రీజ్ లాంటివాళ్లు అక్కడి నుంచి వచ్చినవాళ్లే. మౌంటెన్ బైక్ అనే బండి తయారవడానికి ఆ దారి ఒక పెద్ద కారణం.

నీకు కావాల్సింది హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, అంటే కేబుల్ బదులు ఆయిల్ ఒత్తిడితో పనిచేసేవి. కేబుల్ డిస్కుల్లో ఎక్కువ వాటిలో ఒక వైపు ప్యాడే కదులుతుంది, డిస్కును వంచి రెండో ప్యాడుకు ఆనిస్తుంది. ప్యాడు అరిగేకొద్దీ లీవర్ లోతుకు పోతుంది, నువ్వే బిగించుకోవాలి. హైడ్రాలిక్‌లో రెండు వైపుల నుంచీ పిస్టన్లు నొక్కుతాయి, అరుగుదలను అవే సర్దుకుంటాయి, ఒక్క వేలితో ఆగుతుంది. ఆ ఒక్క వేలు చాలా ముఖ్యం. మిగతా మూడు వేళ్లు హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకోవడానికి మిగులుతాయి. షిమానో కంపెనీలో ఎంటీ200 అందరికీ అందే సెట్టు. ఇంకొంచెం పెట్టగలిగితే ఎంటీ420లో కాలిపర్‌కు నాలుగు పిస్టన్లు ఉంటాయి. నీ అవసరానికి అది బాగా ఎక్కువే. కనీసం ముందు బ్రేకైనా అది పెట్టుకుంటే పదేళ్లు మాట్లాడక్కర్లేదు.

ముందు డిస్కు 160 నుంచి 180 మి.మీ.కి మార్చు. అదే నొక్కుడుకు 12 శాతం పైచిలుకు ఎక్కువ పట్టు వస్తుంది, వేడి మోసే లోహమూ పెరుగుతుంది. దానికి చిన్న అడాప్టర్ కావాలి. అయితే నీ ఫోర్కు ఎంత డిస్కు దాకా తట్టుకుంటుందో దాని కాగితాల్లో చూడకుండా పెద్దది పెట్టొద్దు. చవక ఫోర్కులు 203 మి.మీ. డిస్కుకు తయారైనవి కావు. డిస్కు మీద 'రెసిన్ ప్యాడ్ మాత్రమే' అని ఇంగ్లీషులో చెక్కి ఉంటే దానికి మెటల్ ప్యాడ్లు వెయ్యొద్దు, డిస్కు నున్నగా తినేస్తాయి. మెటల్ ప్యాడ్లు వానలో, పొడవైన ఘాట్లలో నిలుస్తాయి. రెసిన్ ప్యాడ్లు చప్పుడు లేకుండా, చల్లగా ఉన్నప్పుడు కూడా వెంటనే పడతాయి, కానీ వానాకాలంలో తొందరగా కరిగిపోతాయి. నేను ఏడాదిలో ఎక్కువ కాలం రెసిన్‌తో నడిపి, జూన్ వానలు మొదలవగానే ముందు మెటల్‌కి మారతాను.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఒకటి జాగ్రత్త. మన దగ్గర మోటార్ సైకిల్ అలవాటు ప్రకారం కుడి చెయ్యి ముందు బ్రేకు. కొన్ని సెట్లు ఎడమ లీవర్‌కి ముందు పైపు కలిపి వస్తాయి. సరిచూసుకోకుండా బిగించుకుంటే కంగారులో చెయ్యి ముందు బ్రేకును పట్టేస్తుంది, మనిషి హ్యాండిల్ మీద నుంచి ఎగురుతాడు. మా గ్రూపులో ఒక కుర్రాడు అలాగే పడ్డాడు. పైపులు మార్చి ఆయిల్ మళ్లీ నింపించుకోవడం పెద్ద పని కాదు, చేయించుకో.

ఆయిల్ విషయంలో కూడా ఒక మాట. షిమానోకి మినరల్ ఆయిల్. స్రామ్ కంపెనీ బ్రేకుల్లో ఎక్కువ వాటికి డాట్ 5.1 అనే వేరే రకం ఆయిల్, వాళ్ల కొత్త మోడళ్లు కొన్నిటికి మినరల్. ఒకదాంట్లో మరొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి, బ్రేకు పోయినట్టే. డాట్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, తేమ చేరితే మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. మన విశాఖ గాలి సంగతి తెలుసుగా, పొద్దున ఆరేసిన బట్ట సాయంత్రానికీ చెమ్మగానే ఉంటుంది. ఇక్కడ డాట్ బ్రేకులు వాడేవాళ్లు ఏడాదికోసారి ఆయిల్ మార్చక తప్పదు. కొత్తవాడికి మినరల్ బ్రేకులే మేలని నేననడానికి సగం కారణం ఇదే.

కొత్త ప్యాడ్లు బిగించిన రోజే కొండెక్కొద్దు. ఖాళీ రోడ్డు మీద గంటకు 20 కి.మీ. దాకా తొక్కి, నడక వేగం దాకా గట్టిగా తగ్గించు, పూర్తిగా ఆపకు. మళ్లీ తొక్కు. ముందు బ్రేకుతో ఒక ఇరవై సార్లు, వెనక బ్రేకుతో ఒక ఇరవై సార్లు. ప్యాడు పొర డిస్కుకు సమంగా అంటుకుంటుంది. అది చేయని బ్రేకులు కీచుమంటాయి, సగం బలంతోనే పడతాయి. దిగేటప్పుడు నేను చేసిన తప్పు చెయ్యకు. పట్టుకునే రావద్దు. మలుపుకు ముందు గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులో వదిలెయ్యి. వదిలిన ఆ రెండు మూడు సెకన్లలో డిస్కు ఊపిరి తీసుకుంటుంది.

తర్వాత టైర్లు. మన కొండల నేల నీకు నాకంటే బాగా తెలిసుండాలి. ఖొండలైట్ రాయి ఎండకు వానకు చివికి, గట్టి నేల మీద ఎర్రటి గులకలా పరుచుకుని ఉంటుంది. గచ్చు మీద ఆవాలు పోసి నడిచినట్టు ఉంటుంది. ఇక్కడ ముందు టైరు జారితే లేచి చూసుకునేది మోకాళ్లే. వెనక చక్రం జారినా కాలు పెట్టి నిలదొక్కుకోవచ్చు, ముందు చక్రం జారితే ఆ అవకాశం ఉండదు. కాబట్టి డబ్బు సరిపోకపోతే ఒక్క ముందు టైరు మంచిది కొను, పాతదాన్ని వెనక్కి వెయ్యి.

ముందుకు మాక్సిస్ మినియన్ డీహెచ్ఎఫ్ లాంటిది, పక్క గుబ్బలు నిటారుగా, ఎత్తుగా ఉండేది చూడు. మధ్యలో గుబ్బలు దగ్గరగా ఉండి పక్కలు చిన్నగా ఉన్న టైర్లు తారు రోడ్డు మీద హాయిగా పోతాయి, ఈ గులక మీద వంగిన క్షణంలో వదిలేస్తాయి. వెడల్పు 2.3 చాలు. నీ రిమ్ము లోపలి వెడల్పు 19 నుంచి 23 మి.మీ. మధ్య ఉంటుంది, దాని మీద 2.5 వేస్తే టైరు బుడగలా గుండ్రంగా నిలబడి మలుపులో పక్కకు ఒరుగుతుంది. వెనక 2.25 లేదా 2.3 వేసే ముందు చైన్ వైపు గొట్టానికి, టైరుకు మధ్య వేలు దూరే సందుందో లేదో చూసుకో. బురద పట్టినప్పుడు ఆ సందు కావాలి.

గాలి గురించి మన పంక్చర్ షాపుల్లో ఒకే లెక్క. రాయిలా అయ్యేదాకా కొట్టడం. 50 పీఎస్‌ఐతో గులక మీద దిగితే టైరు బంతిలా ఎగురుతుంది, నేలను పట్టదు. నీ బరువుకి ట్యూబుతో ముందు 24 నుంచి 26, వెనక 27 నుంచి 29 దగ్గర మొదలుపెట్టు. అంచనా వద్దు, గాలి కొలిచే ఒక డిజిటల్ గేజ్ కొనుక్కో. మరీ తగ్గిస్తే రాయి కొట్టినప్పుడు ట్యూబు రిమ్ముకు రాయికి మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి, పాము కాటులా. అలాంటి జంట చిల్లులు కనబడితే ముల్లు కోసం వెతకొద్దు. ఇంకో 2 పీఎస్‌ఐ పెంచు.

ట్యూబ్‌లెస్ మంచిదే, తుమ్మముళ్లు ఎక్కువున్న మన దారుల్లో ఇంకా మంచిది. కానీ దానికి తగ్గ రిమ్ము, టేపు, వాల్వు ఉండాలి. మామూలు రిమ్ము మీద ప్రయోగం చేస్తే మలుపులో టైరు అంచు వదిలేస్తుంది. పైగా మన ఎండకు లోపలి సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) రెండు నెలలకే గట్టిపడి రబ్బరు ఉండలవుతుంది. మళ్లీ పోస్తూ ఉండాలి. ఈ ఏడాదికి నీకు ట్యూబులే చాలు.

వెనక హబ్బు గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. 7 గేర్ల సైకిళ్లలో చాలావాటికి క్యాసెట్ (హబ్బు మీదికి జారించి బిగించే పళ్ల చక్రాల గుత్తి) ఉండదు, మరతో బిగించే ఫ్రీవీల్ ఉంటుంది. చక్రం విప్పి పళ్ల చక్రాలను చేత్తో వెనక్కి తిప్పు. మధ్యలో టూల్ పెట్టే భాగం కూడా వాటితో తిరిగితే క్యాసెట్. అది కదలకుండా పళ్లు మాత్రమే తిరిగితే ఫ్రీవీల్. ఫ్రీవీల్ హబ్బులో కుడివైపు బేరింగు బాగా లోపల ఉంటుంది, దాని బయట ఇరుసు ఏ ఆసరా లేకుండా వేలాడుతుంది. రాళ్ల మీద కొన్ని నెలలు దిగితే ఆ ఇరుసు వంగుతుంది, తర్వాత విరుగుతుంది. నాకు తెలిసి విరిగినవే నాలుగైదున్నాయి. చక్రం తిప్పినప్పుడు పళ్ల చక్రాలు ఊగుతూ కనిపిస్తే ఇరుసు వంగిందేమో విప్పి చూడమను. నీ సైకిల్‌కి ఫ్రీవీలే ఉంటే, వచ్చే ఏడాది డబ్బు క్యాసెట్ హబ్బున్న వెనక చక్రం మీద పెట్టాలి. గేర్లు మార్చాలనే ఆలోచన దానితోపాటే చెయ్యి, ముందు ఒక్క పళ్లెం, వెనక 9 లేదా 10 గేర్లు. ముందు పళ్లెం పన్ను ఒకటి లావు ఒకటి సన్నంగా ఉండేది, వెనక డెరెయిలర్ (చైనును గేరు నుంచి గేరుకు జరిపే భాగం) క్లచ్ ఉన్నది తీసుకుంటే కుదుపులకు చైను ఊడదు. అంతవరకు ఉన్న గేర్లే ఉండనీ. దిగేటప్పుడు చైను ముందు మధ్య పళ్లెం మీద పెట్టుకో, సగం ఊడటం తగ్గుతుంది.

ఫోర్కు మార్చాలనే కోరిక తీరాలంటే దానికీ దారుంది, కానీ బ్రేకుల తర్వాత. 100 లేదా గరిష్ఠంగా 120 మి.మీ. గాలి ఫోర్కు. సంటూర్‌లో, రాక్‌షాక్స్‌లో నేరు స్టీరర్‌తో, 9 మి.మీ. ఇరుసుతో వచ్చే మోడళ్లు ఉన్నాయి, నీ చక్రమే సరిపోతుంది. గాలి ఫోర్కు నీ బరువుకు తగ్గట్టు పంపుతో సర్దుకోవచ్చు. అంతకన్నా ముఖ్యం, లోపల ఆయిల్‌తో పనిచేసే రీబౌండ్ అదుపు. నీ స్ప్రింగ్ ఫోర్కు రాయి కొట్టగానే నొక్కుకుని అంతే వేగంగా పైకి తంతుంది. ఆ తన్నుడే చేతుల్ని హ్యాండిల్ మీద నుంచి లేపేది. రీబౌండ్ ఉన్న ఫోర్కు మెల్లగా లేస్తుంది, చక్రం నేలకు అంటుకుని ఉంటుంది. బిగించాక సైకిలెక్కి పెడల్స్ మీద నిలబడితే 100లో ఒక 20 మి.మీ. దిగాలి. అంతకు తక్కువైతే గాలి తగ్గించు.

కొత్త మార్కెట్లో 'డబుల్ సస్పెన్షన్' అని చవకగా దొరికే సైకిళ్ల జోలికి మాత్రం పోవద్దు. వెనక స్ప్రింగ్ ఉంటుంది, దాన్ని అదుపు చేసే ఆయిల్ ఉండదు, బరువేమో ఇనుప బీరువా. మంచి హార్డ్‌టెయిల్ ముందు అవి నిలబడవు.

చిన్న ఖర్చుతో పెద్ద తేడా తెచ్చేవి రెండు. ఒకటి, 50 మి.మీ. స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే ముక్క), 740 నుంచి 760 మి.మీ. వెడల్పు హ్యాండిల్. కొనేముందు మధ్య బిగింపు 31.8నా 25.4నా కొలుచుకో. రెండు, పిన్నులున్న ఫ్లాట్ పెడల్స్, అడుగు చదునుగా మెత్తగా ఉన్న బూట్లు. చెప్పులతో వద్దు. రన్నింగ్ బూట్లకు అడుగున గాడులుంటాయి, పిన్నులు సరిగా పట్టవు. సీటు దించే డ్రాపర్ పోస్టు సౌకర్యమే, కానీ ప్రస్తుతానికి కొండపైన ఆగి క్విక్ రిలీజ్ వదిలి సీటు దించుకో. డబ్బేం ఖర్చు కాదు.

ఇప్పుడు హెల్మెట్. నిజానికి కొనే వరుసలో ఇదే మొదటిది, బ్రేకుల కంటే ముందు. నువ్వు బైకు హెల్మెట్ ఉంది కదా, అది పెట్టుకోవచ్చా అన్నావు. తలకు రక్షణ ఉంటుంది, కాదనను. కానీ అది బరువు, గాలాడదు, చెవులు మూసుకుపోతాయి. మే నెలలో మన ఉక్కపోతలో కొండెక్కుతూ అది పెట్టుకుంటే పది నిమిషాల్లో తీసేస్తావు. తీసి హ్యాండిల్‌కి తగిలించిన హెల్మెట్ ఎవరినీ కాపాడదు. సైకిల్ కోసం చేసిన ఫుల్ ఫేస్ హెల్మెట్ తీసుకో. లోపల స్టిక్కర్ మీద ఏఎస్‌టీఎం ఎఫ్1952 అని ఉంటే అది డౌన్‌హిల్ పరీక్ష. ఈఎన్ 1078 అన్నది మామూలు సైకిల్ హెల్మెట్ పరీక్ష, కాలిబాటలకు సరిపోతుంది కానీ గడ్డం, పళ్ల దగ్గరి రక్షణను అది పరీక్షించదు. సెకండ్ హ్యాండ్ హెల్మెట్ ఎంత తక్కువకొచ్చినా కొనొద్దు. ఒకసారి గట్టి దెబ్బ తిన్న థర్మకోల్ లాంటి ఆ లోపలి పొర రెండోసారి పనిచేయదు, అది బయటికి కనిపించదు.

మోకాళ్ల ప్యాడ్లు ఈఎన్ 1621-1 ముద్ర ఉన్నవి, వేళ్లు నిండా ఉండే గ్లోవ్స్, కళ్లకు తేలిక రంగు అద్దాలు. గ్లోవ్స్ లేకుండా గులక మీద అరచేయి ఆనితే ఆ ఎర్ర ఇసుక చర్మం లోపలికి పోయి గుచ్చుకుంటుంది. డాక్టర్ బ్రష్షుతో గీకి తీస్తాడు. వెన్నుకు ప్యాడ్లు, మెడకు కాలర్ ఇవన్నీ నీ వేగానికి ఇప్పుడే అక్కర్లేదు.

ఉప్పుగాలి సంగతి బయటి ఊళ్ల వాళ్ల వీడియోల్లో ఎవరూ చెప్పరు. నువ్వు బీచ్ రోడ్డు మీదుగా రుషికొండ, భీమిలి వైపు తిరుగుతావు కాబట్టి చెప్తున్నా. చవక ఫోర్కుల కాళ్లు క్రోమ్ పూసిన ఇనుమువి. ఉప్పు తేమకు వాటి మీద గుండుసూది మొనంత తుప్పు చుక్కలు లేస్తాయి, అవి సీళ్లను కోస్తాయి, తర్వాత నీళ్లు లోపలికి పోతాయి. తిరిగొచ్చిన ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టు. ఐదు నిమిషాల పని. సీటు గొట్టం రెండు నెలలకోసారి పైకి తీసి గ్రీజు రాసి పెట్టు, లేకపోతే ఫ్రేములో అతుక్కుపోయి ఇక కదలదు. స్టెమ్ బోల్టులు, డిస్కు బోల్టులు కూడా అంతే. కార్లు కడిగే ప్రెషర్ పంపుతో కడిగించొద్దు, బేరింగుల్లోకి నీళ్లు కొడుతుంది. చైనుకు కొబ్బరినూనె, వంటనూనె వెయ్యొద్దు, జిగురై ఇసుకను పట్టుకుంటుంది. తుప్పు వదిలించే స్ప్రే డిస్కు దగ్గర కొట్టావంటే ప్యాడ్లు పారెయ్యాల్సిందే.

ఎక్కడ తొక్కాలన్నది కూడా అడిగావు. కంబాలకొండ అభయారణ్యం, చిరుతలు తిరిగే చోటు. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలి బాటలకు వెళ్లొద్దు. ఎర్రమట్టి దిబ్బల మీద చక్రం పెట్టొద్దు, ఈ మాట బతిమాలి చెప్తున్నాను. అది జాతీయ భూవారసత్వ స్థలం. వేల ఏళ్లుగా పేరుకున్న ఇసుక అది. ఒక్క టైరు గాడి పడితే వాన నీరు దాన్ని పట్టుకుని వాగులా కోసేస్తుంది. సింహాచలం మెట్ల దారి భక్తులది. డాల్ఫిన్స్ నోస్ వైపు నేవీ స్థలాలున్నాయి, బోర్డు కనిపిస్తే వెనక్కి తిరుగు. ఇవన్నీ పోనూ మధురవాడ, ఆనందపురం వైపు జీడి, మామిడి తోటల గ్రావెల్ బాటలు చాలా ఉన్నాయి. తోట యజమానిని అడిగి, గేటు వేసి వెళ్తే ఎవరూ కాదనరు. నేల తెలిసేదాకా ఒకే బాట పది వారాలు దిగు. అనంతగిరి ఘాట్ లాంటి పెద్ద దిగుడు బ్రేకులు నమ్మకం కుదిరాక, పొద్దున్నే లారీలు లేనప్పుడు, తోడుతో.

డబ్బు లెక్క చెప్పమంటే నా వరుస ఇది. ముందు హెల్మెట్, మోకాళ్ల ప్యాడ్లు, గ్లోవ్స్. తర్వాత హైడ్రాలిక్ సెట్టు, ముందు 180 డిస్కు. తర్వాత ముందు టైరు, గేజ్. తర్వాత పెడల్స్, స్టెమ్, హ్యాండిల్. 30 వేలల్లో ఇవన్నీ వచ్చి, ఒక జత అదనపు ప్యాడ్లకు, రెండు ట్యూబులకు మిగలాలి. మిగిలింది ఫోర్కు కోసం పక్కన పెట్టు, ఖర్చు చెయ్యకు.

ఈ రాత్రికి ఒక పని చెయ్యి. ముందు చక్రం విప్పి, హెడ్ ట్యూబ్ కింద వెల్డింగు దగ్గర గుడ్డతో శుభ్రంగా తుడిచి, టార్చి వేసి చూడు. రంగులో వెంట్రుక లాంటి గీత కనిపిస్తే ఆ సైకిల్ మీద కొండెక్కొద్దు. గీత లేకపోతే, వెనక హబ్బు ఫోటో, ఫోర్కు మీది స్టిక్కర్ ఫోటో, పుస్తకంలో కండిషన్ అంకె ఉన్న పేజీ ఫోటో ఇక్కడ పెట్టు. ఏ బ్రేకుకి ఏ అడాప్టర్ కావాలో చూసి చెప్తాను.